బతికున్నవాడి కుర్చీ

శనివారం వచ్చిందంటే పేరమ్మకి ఒళ్ళు మండేది. ఆరు రోజులు చేపముళ్ళు చప్పరించిన బెజవాడకి ఏడో రోజున వెంకన్న గుర్తొస్తాడు. వన్ టౌన్ చేపల బజారులో ఆవేళ ఈగలు తప్ప బేరానికి ఎవరూ రారు. నిన్నటిదాకా కొర్రమీను కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకున్న ఆడవాళ్ళే ఆవేళ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆ వీధి దాటతారు. కార్తీకమాసం సంగతి ఇహ చెప్పనే అక్కర్లేదు, నెలంతా శనివారమే.

“మా కంపు వీళ్ళకి వారానికి ఒక్కరోజే కొడుతుందేమిటో!” అని పేరమ్మ ఆ కొంగులకేసి చూసి గట్టిగానే అనేది. వినపడాలనే అనేది.

అందుకని శనివారం ఆవిడ బజారుకి తట్ట ఎత్తేది కాదు. కృష్ణలంక కరకట్ట పక్కన తన రెండు గదుల ఇంట్లో పొద్దున్నే తలంటి పోసుకునేది. నిమ్మచెక్కతో అరచేతులూ గోళ్ళూ తోముకునేది. గంజి పెట్టిన చీర కట్టి, రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని బయల్దేరేది. ఎక్కడికే అని మొగుడు పోలరాజు అడిగితే, “కుర్చీలు చూడ్డానికి” అనేది. నలుగురూ గుడికో సినిమాకో పోయినట్టు ఆవిడ కుర్చీలు చూడ్డానికి పోయేది. తొంభై మూడులోనో నాలుగులోనో మొదలైంది ఆ మోజు. నవ్వేవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళకి ఆవిడ పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఏ కుర్చీ పడితే ఆ కుర్చీ కాదు. ప్లాస్టిక్ కుర్చీలు అప్పుడే వీధివీధినా దిగబడుతున్నాయి. పెళ్ళికీ అవే, చావుకీ అవే. వాటికేసి ఆవిడ మొహం తిప్పేది కాదు. ఆవిడకి కావలసింది పడక్కుర్చీ. పాతకాలపు టేకుది. వీపు వెనక్కి వాలి ఉండాలి, కూర్చునేచోట పేము అల్లిక ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, దాని చేతులు పొడుగ్గా, మోకాళ్ళు దాటి ముందుకు రావాలి, కాళ్ళు చాపి వాటిమీద పడేసుకునేట్టు. చేతులు పొట్టివైతే ఎంత మంచి టేకైనా కన్నెత్తి చూసేది కాదు.

ఆ పొడుగు చేతుల మీదే ఆవిడ పంతం. చిన్నప్పుడు తల్లి వెంట పామర్రు చుట్టుపక్కల ఊళ్ళకి చేపలమ్మడానికి పోయేది. ఒక ఊళ్ళో పెద్ద ఇల్లు ఒకటి. ఆ ఇంటాయన అరుగుమీద ఇట్టాంటి కుర్చీలోనే వెల్లకిలా వాలి, రెండు కాళ్ళూ ఆ చేతులమీద చాపుకుని ఉండేవాడు. తల్లి ఎండలో నిలబడి తట్టని ఆయన కాళ్ళ ఎత్తుకి పట్టుకునేది. ఆయన లేచేవాడు కాదు, వంగేవాడు కాదు. కాలి బొటనవేలితో చేపని ఇటు తిప్పి, అటు తిప్పి, “ఇది పెట్టు, అది తీసెయ్” అనేవాడు. మొప్ప ఎర్రగా ఉందో లేదో చూడ్డానికీ బొటనవేలే. ఆ చేపే మధ్యాహ్నం పులుసై ఆయన కంచంలోకి వస్తుంది. తన కాలివేలు పెట్టిన చేప తినడానికి ఆయనకి రోత లేదు. పల్లెకారుల మనిషి తట్టలో చెయ్యి పెట్టడానికి వచ్చింది రోత.

పేరమ్మ తల్లి కొంగు పట్టుకుని ఆ బొటనవేలినే చూసేది. చూసి చూసి ఒకరోజు, “అమ్మా, ఈయనకి చేతుల్లేవా?” అని పైకే అడిగింది. తల్లి అక్కడికక్కడే చెంప వాయించింది. మళ్ళీ ఇంటిదాకా ఏడ్చుకుంటూ నడిచింది ఆ తల్లే.

పెళ్ళయి బెజవాడ వచ్చాక పేరమ్మ బతుకంతా జానెడు ఎత్తు పీటమీద గడిచింది. ముందు తట్ట, పక్కన కత్తిపీట, వెనక మురిక్కాలవ. బేరమాడేవాళ్ళంతా నిలబడి మాట్లాడతారు, ఆవిడ కిందనించి జవాబు చెప్పాలి. కింద కూర్చుని పైకి చూస్తే ఎంత పెద్దమనిషికైనా ముక్కురంధ్రాలే కనపడతాయి. “నాకు ఈ ఊళ్ళో మొహాలు తెలీవు, ముక్కులే తెలుసు,” అనేది. అట్టా ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోయాయి. పెద్దాసుపత్రిలో డాక్టరుగారు ఫొటో తీయించి, “ఇకమీద నేలమీద కూర్చోకూడదమ్మా,” అన్నాడు.

“మరి మేం ఎక్కడ కూచోవాలో కూడా ఆ చీటీమీద రాయండి బాబూ,” అంది పేరమ్మ.

ఆయన రాయలేదు. ఆవిడే కుర్చీ వెతుక్కోవడం మొదలుపెట్టింది.

బెజవాడలో పాత కుర్చీలు అమ్మే కొట్లు చాలానే ఉండేవి. డెల్టాలో మండువా ఇళ్ళు పడగొట్టి డాబాలు కట్టుకుంటున్న రోజులవి. తలుపులూ, దూలాలూ, మంచాలూ, కుర్చీలూ లారీలకెక్కి పట్నానికి వచ్చేవి. గవర్నరుపేటలో అద్దాలు పెట్టిన ఒక కొట్లోకి వెళ్ళి పేరమ్మ కుర్చీమీద చెయ్యి వేసిందో లేదో, కొట్టాయన గల్లాపెట్టె దగ్గరనించే కేకేశాడు.

“ముట్టుకోమాకమ్మా! కొత్త పాలిష్, వాసన పట్టుద్ది.”

పేరమ్మ చెయ్యి తియ్యలేదు. కుర్చీ అడుగున గోరుతో గీరింది. గీరినచోట తెల్లగా మామిడిచెక్క బయటపడింది. “అవునయ్యా, కంపు కొడతానే ఉంది. మామిడిచెక్కకి టేకు రంగు పూసిన కంపు. నేను కుళ్ళిన చేపకి రంగు పూసి అమ్మితే నువ్వు ఊరుకుంటావా?” అని ఆ కొట్లో ఉన్న బేరాలన్నీ లేచిపోయేదాకా అరిచి బయటికొచ్చింది. అట్టా ఆవిడ అడుగుపెట్టడానికి వీల్లేకుండా చేసుకున్న కొట్లు ఊళ్ళో ఇంకా ఉన్నాయి.

మిగిలింది పంజా సెంటరు వెనక సందులో అలీ కొట్టు. అలీ సన్నగా, గడ్డం నెరిసి, ఎప్పుడూ చేతులకి లక్క అంటుకుని ఉండేవాడు. కొట్టు వెనక వసారాలో అతని భార్య బేగం బీ చాపమీద కూర్చుని కుర్చీలకి పేము అల్లేది. అలీ చేపల మనిషి వచ్చిందని ముక్కు మూసుకోలేదు. మొదటిరోజే ఒక పడక్కుర్చీ మీద దుమ్ము దులిపి, “కూచోక్కా. కూచోకుండా కుర్చీ సంగతి ఏం తెలుస్తుంది?” అన్నాడు.

పేరమ్మ కూర్చోలేదు. “ముందు ఇదెవరిదో చెప్పు.”

“గుడివాడ లాయరుగారిది.”

“ఉన్నాడా?”

“ఎవరు?”

“లాయరయ్యా! ఉన్నాడా, పోయాడా?”

అలీ నాలిక్కరుచుకున్నాడు. “ఈమధ్యే పోయాడక్కా.”

“అయితే నువ్వే కూచో.”

ఈ వైపు ఇళ్ళల్లో ఆచారం అది. ఇంట్లో మగవాడు పోతే, అతను పడుకున్న మంచం, కూర్చున్న కుర్చీ ఇంట్లో ఉంచరు. దినవారాలు కాగానే బయటికి నెట్టేస్తారు. పోయినవాడు మళ్ళీ వచ్చి దాన్లో కూర్చుంటాడని భయం. పేరమ్మ తల్లి దగ్గరా అత్త దగ్గరా అదే విని పెరిగింది. చచ్చినవాడి కుర్చీలో కూర్చుంటే చావు ఒంటికి అంటుతుందని గట్టిగా నమ్మింది. బజారులో పోలీసుతో తగువు పెట్టుకోవడానికి జంకని మనిషి, చచ్చిపోయిన లాయరుకి జంకింది.

“ఒక మాట చెప్పనా అక్కా, కోప్పడమాక,” అన్నాడు అలీ. “బతికున్న మగాడు పడక్కుర్చీ వదులుతాడా? నా కొట్టు నిండా పోయినోళ్ళవే. మీవోళ్ళు ఆ ఆచారం మానేస్తే మేం మట్టి తినాల.”

“మిగతావాళ్ళలాగా అబద్ధం చెప్పి అమ్ముకోరాదూ?”

“నీకా? నీకు అబద్ధం చెబితే ఆ లాయరుగారి కంటే ముందు నువ్వొచ్చి కూచుంటావు నా కొట్లో దెయ్యమై.”

వసారాలోనించి బేగం బీ కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వుతో కుదిరిన స్నేహం అది. అప్పటినించి ప్రతి శనివారం పేరమ్మ ఆ కొట్లోనే ఉండేది. కొత్తగా ఏం వచ్చాయో చూసేది. చేప మొప్ప ఎత్తి చూసినట్టు కుర్చీని బోర్లించి చూసేది. కీళ్ళు ఊపేది, పేము సందుల్లో నల్లులున్నాయేమో ఊదేది, వాసన చూసేది. ఏడాది తిరిగేసరికి ఏ కుర్చీ చూసినా దాని మనిషిని చెప్పేసేది. కుడిచేతి మీద నల్లటి కాలుడు మచ్చ ఉంటే చుట్ట తాగినవాడు. గుండ్రటి తెల్లమచ్చల వరస ఉంటే రోజంతా కాఫీ తెప్పించుకున్నవాడు. ఒకరోజు ఒక కుర్చీ చేతుల చివర తడిమి తడిమి పళ్ళు కొరికింది.

“ఇదిగో, ఇక్కడ పక్కన అరిగింది చూడు. ఎవత్తో ఇక్కడ కింద కూచుని, ఈ కొయ్యకి మోచెయ్యి ఆనించి, ఏళ్ళ తరబడి వాడి కాళ్ళు పిసికింది. తలానించేచోట నూనె మరక చూడు. ఎంత ఎత్తున ఉంది? మగవాడి తల ఎత్తున. ఇన్ని కుర్చీలు తెచ్చావు కదా అలీ, ఒక్కదాన్లో ఆడదాని జడ నూనె మరక చూపించు నాకు! ఒక్కదాన్లో!”

అలీ నిజంగానే లేచి ఒక్కో కుర్చీ వీపూ చూశాడు. కనపడలేదు.

“నువ్వెప్పుడైనా కూచున్నావా బేగం?” అని పేరమ్మ వసారాకేసి అడిగింది. “నువ్వు అల్లినవే కదా ఇవన్నీ.”

“అల్లిక గట్టిగా ఉందో లేదో చూడాల కదక్కా,” అంది బేగం బీ తలెత్తకుండా. “ఆయన నమాజుకి పోయినప్పుడు కూచుంటా.”

“హాయిగా ఉంటుందా?”

“పొరపాటున నిద్ర పట్టేస్తదని భయం.”

ఆ మాట పేరమ్మని ఇంటిదాకా తరిమింది. కుర్చీ కావాలి. వీపు వాల్చాలి. కాళ్ళు చాపాలి. నిద్ర పడితే పట్టనీ.

ఏళ్ళు గడిచాయి. హైదరాబాదు నుంచి కార్లేసుకుని హోటళ్ళవాళ్ళు, బొమ్మలిళ్ళలాంటి ఇళ్ళు కట్టుకునేవాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళు ఎవరిదని అడగరు, ఉన్నాడా పోయాడా అని అడగరు. “యాంటిక్, యాంటిక్” అంటూ ఒకేసారి నాలుగైదు ఎత్తుకుపోతారు. పేరమ్మ వాళ్ళ వెనక నిలబడి, “పొండి, ఎవరెవరి చావులమీదో కూచుని కాఫీలు తాగండి,” అని సణిగేది. తనకి అక్కర్లేని కుర్చీలే అవి. అయినా ఒక్కొక్కటి కారు నెత్తికి ఎక్కుతుంటే ఆవిడ సందు చివరిదాకా వెంట నడిచేది.

అప్పుడు ఒక శనివారం అలీ సందు మొదట్లోనే ఎదురొచ్చాడు.

“దొరికింది అక్కా. బతికున్నోడిది.”

కంకిపాడులో ఒక పెద్దాయనదట. ఇల్లు పడగొట్టి డాబా కట్టారు. కొత్త హాల్లోకి సోఫా సెట్టు వచ్చింది, పడక్కుర్చీ పెట్టడానికి చోటు లేదన్నారు కొడుకులు. బర్మా టేకు. చేతులు చూస్తే బారెడు. పేరమ్మ తడిమింది, బోర్లించింది, వాసన చూసింది. అంతా అయ్యాక చేతులు దులుపుకుని అంది:

“మనిషి ఉన్నాడని నేనెట్టా నమ్మేది?”

“పోయి చూసి రా!” అన్నాడు అలీ విసుగొచ్చి.

ఎగతాళికన్నాడు. పేరమ్మ బందరు బస్సెక్కి కంకిపాడులో దిగి, దారి అడుగుతూ నిజంగానే ఆ ఇంటికి పోయింది. గేటులోనించే కనపడ్డాడు పెద్దాయన. పంచె, బనీను. మెత్తటి సోఫాలో నడుందాకా దిగబడిపోయి, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, కోపంగా ఫానుకేసి చూస్తున్నాడు.

“ఎవరు కావాలి?”

“మీరేనండీ. మీరు ఉన్నారో లేదో చూసిపోదామని వచ్చా.”

“ఏమిటీ?”

“పంజా సెంటర్లో మీ కుర్చీ నేను కొనుక్కుంటన్నానండీ.”

ఆయన ఆవిడని పైనించి కిందికి చూశాడు. తలంటి పోసుకున్నా, నిమ్మచెక్క రుద్దినా, చూసేవాళ్ళు చూసిన చూపులోనే అన్నీ చెప్పేస్తారు. “దాన్లో ఎవడు కూచుంటాడు?” అన్నాడు.

“నేనేనండీ.”

పెద్దాయన నవ్వాడు. నవ్వితే సోఫాలో ఇంకొంచెం దిగబడ్డాడు. “మా నాన్న నాకోసం చేయించిన కుర్చీ అది. కలెక్టరు దొర కూచున్నాడు దాన్లో. చేపలమ్ముకునే ఆడదానివి, నీకెందుకమ్మా అంత కుర్చీ?”

“కుర్చీకి మనిషి బరువు తెలుస్తుంది గానీ కులం తెలుస్తుందంటండీ? అయినా మీ పిల్లలు బయటికి నెట్టింది చేపలమ్మే ఆడదాన్ని కాదు, మిమ్మల్ని. లేవగలిగితే ఆ పరుపులోంచి లేచి ఆ మాట వాళ్ళతో అనండి.”

లోపలనించి ఎవరో వస్తున్న చప్పుడైంది. పేరమ్మ వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కింది. ఒళ్ళంతా మంటగానే ఉంది. కానీ మనిషి బతికే ఉన్నాడు. ఇంక అడ్డం లేదు.

మర్నాడే అలీ రిక్షాలో కుర్చీ తెచ్చి కృష్ణలంక ఇంటి వాకిట్లో దించాడు. ఇరుగుపొరుగు మూగారు. పోలరాజు నోరు తెరుచుకుని చూశాడు. పోలరాజు ఒకప్పుడు కృష్ణలో ఇసక పడవలు నడిపినవాడు. పడవలు పోయి లారీలొచ్చాక కరకట్టమీద పేకాట తప్ప ఇంకే పనీ లేదు. ఇన్నేళ్ళూ “చేపలదానికి సింహాసనం కావాలంటరోయ్” అని ఆ పేక ముక్కల మధ్య పెళ్ళాన్ని నవ్వులపాలు చేసినవాడు ఆయనే.

కొత్త వస్తువు ఇంటికొస్తే ఉత్త చేతుల్తో వాడుకోరు. పేరమ్మ కుర్చీ నాలుగు కాళ్ళకీ పసుపు రాసింది, బొట్టు పెట్టింది, నడుమున మల్లెపూల మూర చుట్టింది. కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, అప్పుడు కూర్చోవాలి. కొబ్బరికాయ కోసం లోపలికి వెళ్ళింది.

ఆవిడ బతుకులో చేసిన పొరపాటు ఏదన్నా ఉంటే అదే. కొబ్బరికాయ కోసం లోపలికి వెళ్ళడం.

కాయ పట్టుకుని బయటికొచ్చేసరికి పోలరాజు కుర్చీలో ఉన్నాడు. వీపు వాల్చాడు. రెండు కాళ్ళూ ఆ పొడుగు చేతులమీద చాపాడు. మల్లెపూలు ఆయన వీపు కింద నలిగాయి.

“భలేగుందే పేరమ్మా! ఎట్టున్నా?” అన్నాడు.

మూగినవాళ్ళు నవ్వారు. కాయ గుమ్మం మీద కొట్టాలో ఆయన నెత్తిమీద కొట్టాలో పేరమ్మకి ఒక్క క్షణం తెలీలేదు. గుమ్మం మీదే కొట్టింది. నీళ్ళు వీధిలోకి చిమ్మాయి.

అంతే. అక్కడితో అయిపోయింది. మొగుడు కూర్చున్న ఆసనంలో పెళ్ళాం కూర్చుంటే మొగుడి ఆయుష్షు తరుగుతుందని అత్తగారు పెళ్ళయిన కొత్తలోనే చెవిలో పోసింది. ఊరందరినీ నోటితో కోసిపారేసే మనిషి ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయింది. పోలరాజు పేకాటకి పోయినప్పుడు ఖాళీ కుర్చీ ఎదురుగా ఉండేది. దాన్ని తుడిచేది, నూనె పట్టించేది, నల్లులు పట్టకుండా ఎండలో పెట్టేది. కూర్చునేది కాదు. మోకాళ్ళు పట్టుకుని గుమ్మం మీద కూర్చునేది.

మగవాళ్ళకి ఆ పట్టింపు లేదు. ఆ ఇంటికొచ్చిన ప్రతి మగవాడూ దాన్లో కూర్చున్నవాడే. పోలరాజు తమ్ముడు రాంబాబు, కుల సంఘానికి ప్రెసిడెంటు, రోజూ సాయంత్రం వచ్చి కాళ్ళు చాపి టీ తెప్పించుకునేవాడు. కూతురు హేమ మొగుడు వస్తే అదే కుర్చీ. ఆఖరికి కేబుల్ డబ్బులకొచ్చే కుర్రాడు కూడా చీటీ రాసేదాకా దాన్లోనే.

“రాంబాబు కూచుంటే నీ ఆయుష్షు తరగదా?” అని అడిగింది ఒకరోజు.

“వాడు మగోడే,” అన్నాడు పోలరాజు, అదేదో జవాబైనట్టు.

“అయితే మా అత్త నా ఒక్కదానికే రాసిపెట్టిందన్నమాట యముడి లెక్క! నేను చూసిన కుర్చీ, నేను తిరిగిన సందులు, నా మోకాళ్ళు! కూచునేది మాత్రం మీ మందంతా!”

“ఎవురు వద్దన్నారే, కూచోరాదూ?” అన్నాడు ఆయన లేవకుండానే.

రెండు వేల రెండు ప్రాంతంలో పోలరాజుకి ఎడమపక్క పడిపోయింది. మాట ముద్దయింది. మంచంమీద పడుకోబెడితే ఊపిరాడదు, కూర్చోబెడితే ఒరిగిపోతాడు. వాలుగా ఉండే కుర్చీ ఒక్కటే ఆయనకి కుదిరింది. తినడం అక్కడే, నిద్ర అక్కడే. పేరమ్మ పొద్దున్నే ఆయన్ని తుడిచి, బట్ట మార్చి, గంజి తాగించి బజారుకి పోయేది. సాయంత్రం వచ్చి కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి పడిపోయిన కాలికి నూనె రాసేది. కుర్చీ చేతికి మోచెయ్యి ఆనించుకుని రాసేది. ఒకరోజు చూసుకుంది, ఆ కొయ్య పక్క నున్నగా అరుగుతోంది. అలీ కొట్లో తను తిట్టిపోసిన ఆ ఎవత్తో ఆడది గుర్తొచ్చింది. ఆయన కాలు విదిలించి పారేసి లేచి లోపలికి వెళ్ళింది. మళ్ళీ కాసేపటికి వచ్చి రాసింది. రాయక ఏం చేస్తుంది!

ఒక మధ్యాహ్నం పోలరాజు మంచి చేత్తో కుర్చీని తట్టాడు. “కూ...చో,” అన్నాడు. “నన్ను... మంచం... నువ్వు కూచో.”

పేరమ్మ విరుచుకుపడింది. “ఇప్పుడు వచ్చిందా బుద్ధి? కాళ్ళూ చేతులూ ఆడినప్పుడు రాలా? ఉన్న నాలుగు రోజుల ఆయుష్షూ నేను తినేశానని నీ తమ్ముడు ఊరంతా చాటాలనా? పడుండు అక్కడే!”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ వంటింట్లోకి పోయి చేపని చితక్కొట్టినట్టు కోసింది.

మూడేళ్ళు అట్టా బతికాడు పోలరాజు. ఒక వానాకాలం పొద్దున, ఆవిడ బజారులో ఉండగా, ఆ కుర్చీలోనే ప్రాణం పోయింది.

ఏడ్చింది పేరమ్మ. గట్టిగానే ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు ఆవిడ గాజులు పగలగొట్టి, లోపలి గదిలో మూల కూర్చోబెట్టారు. పెద్దదినం అయ్యేదాకా గడప దాటకూడదన్నారు. మోకాళ్ళు పనికిరాని మనిషిని నేలమీద, చాప కూడా సరిగ్గా లేనిచోట కూర్చోబెట్టారు. ఆ మూలనించి కిటికీలోంచి వసారాలో ఖాళీ కుర్చీ కనపడేది. ఆవిడ దానికేసే చూస్తూ కూర్చుంది.

పెద్దదినం నాడు వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కులపెద్దలు, వంటపొయ్యిల పొగ. రాంబాబు గొంతు వినపడింది.

“ఆ కుర్చీ ఎత్తండ్రా! ప్రాణం పోయిన కుర్చీ ఇంకా ఇంట్లో ఏమిటి? సాయిబుకి కబురు పెట్టా, రిక్షా తెచ్చాడు.”

పేరమ్మ కిటికీ పట్టుకుని లేచింది. వాకిట్లో, షామియానా బయట ఎండలో, కుర్చీ దించారు. పక్కనే అలీ రిక్షా. అలీ తలొంచుకుని నిలబడ్డాడు. బేగం బీ కూడా వచ్చింది, పరామర్శకి, గుమ్మం పక్కన హేమ దగ్గర నిలబడింది.

“అమ్మా, ఎక్కడికే? బయటికి రాకూడదే!” అని హేమ చెయ్యి పట్టుకుంది.

“వదులు.”

బొట్టు లేని మొహంతో, బోసి చేతులతో పేరమ్మ గడప దాటింది. కులపెద్దల్లో ఒకాయన మొగుడు పోయినదాని మొహం చూడకూడదని తల పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ కుంటుకుంటూ ఎండలోకి నడిచి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, వెనక్కి తిరిగి, కూర్చుంది.

“వదినా!” అన్నాడు రాంబాబు. “మతి పోయిందా? లేమ్మా, లే! అది అన్నయ్య ప్రాణం పోయిన...”

“నేను కూచుంటే మీ అన్న ఆయుష్షు తరుగుతుందన్నారు. ఇన్నేళ్ళూ కూచోలా. ఇప్పుడు చెప్పు, ఇంక తరగడానికి ఏం మిగిలింది?”

రాంబాబు కులపెద్దలకేసి తిరిగాడు.

“తరిగితే నాదేగా! తరగనీ. ఇన్నాళ్ళూ చచ్చినవాళ్ళ కుర్చీ వద్దు వద్దని ఊరంతా తిరిగి బతికున్నవాడిది తెచ్చా. నా చేతుల్తో తెచ్చిన దానికి నా ఇంట్లోనే చావొచ్చింది. ఇంక నేనెవరికి జంకాలి?”

“కులం ఏమంటుందో ఆలోచించావా?”

“రమ్మను కులాన్ని. నీడలోనించి లేచి ఇక్కడికొచ్చి, ఈ ఎండలో, నా ఎదురుగా నిలబడి అనమను.”

ఎవరూ లేవలేదు. పేరమ్మ నొప్పి మోకాళ్ళని ఒక్కొక్కటిగా రెండు చేతులా ఎత్తి, కుర్చీ చేతులమీద చాపింది. పాదాలు రాంబాబు నడుము ఎత్తున నిలిచాయి. వీపు వాల్చింది. వాల్చగానే మొహం చిట్లించింది. మూడేళ్ళు పోలరాజు ఒరిగిన ఎడమపక్కకి పేము అల్లిక గుంటపడి ఉంది. ఆవిడ ఒళ్ళు ఆ గుంటలోకే జారింది.

“చూడు, చూడు! చచ్చి కూడా నాకు చోటివ్వలేదు ఈ మనిషి,” అంది. అరచేత్తో ఆ గుంటని తడిమింది. “బేగం! ఈ అల్లికంతా కోసి పారెయ్. కొత్తది అల్లాలి. నా ఒంటికి కొలిచి అల్లు.”

“రేపే వస్తానక్కా,” అంది బేగం బీ. అలీ చప్పుడు చెయ్యకుండా రిక్షా వెనక్కి తిప్పుకున్నాడు.

“ముందు లే వదినా, లోపలికి పద, మాట్లాడుకుందాం,” అని రాంబాబు చుట్టూ చూశాడు. భోజనాలకొచ్చినవాళ్ళు వీధి చివరిదాకా నిలబడి చూస్తున్నారు. పరువు పోతోంది.

“మోకాళ్ళు చాపుకున్నా. మళ్ళీ ముడవడం నావల్ల కాదు. లోపలికి పోవాలంటే ఎత్తండి. కుర్చీ ఎత్తించడానికే కదా మనుషుల్ని పిలిచావు? నువ్వు కూడా ఒక కాలు పట్టు.”

వేరే దారి లేక నలుగురు మగవాళ్ళు నాలుగు కాళ్ళ దగ్గర వంగారు. రాంబాబు ముందు కుడికాలు పట్టుకున్నాడు. బర్మా టేకు, దానిమీద పేరమ్మ, రెండూ తేలికైనవి కావు. మూలుక్కుంటూ భుజాల ఎత్తుకి లేపారు. పేరమ్మ రెండు చేతులా కుర్చీని గట్టిగా పట్టుకుని, తన కింద వంగిన తలలకేసి చూసింది. ఆవిడ ఈ మనుషుల్ని ఎప్పుడూ పైనించి చూసి ఎరగదు.

“ఏరా రాంబాబూ,” అంది, గడప దగ్గరికి రాగానే, అందరికీ వినపడేట్టు. “నడినెత్తిన జుట్టంతా ఊడిపోయిందేరా నీకు! ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు.”